చెయ్యి సోకని బంగారం

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ఆదికేశవులు నగల దుకాణం. షట్టరు ఇంకా సగమే లేచింది. గల్లాపెట్టె వెనక ఆదికేశవులు, కుంపటి వెనక నగలు చేసే మురుగేష్ ఆచారి. పాత బంగారం అమ్మజూపిన మనిషి ఒకడు అప్పుడే మెట్లు దిగి పోయాడు.

"పోయినాడా?"

"మలుపు తిరిగినాడన్నా. ఆముదం తాగిన మొగం పెట్టుకొని పోయినాడు."

"అచ్చమైన బంగారమంట! వాళ్ళవ్వ కాసులపేరంట! గీటురాయి మింద గీస్తే సిగ్గుపడి ఎర్రబడె, సూసినావు గదా."

"సూసినా. కానీ మీరేందన్నా, సరుకు చేతికి ఎత్తుకోంగానే 'అయ్యో, ఇందులో రాగి లేదా, రాగి కలిసిందైతే నాకిప్పుడు శానా అవసరం' అంటిరి? మనకెందుకు రాగి?"

"మురుగేషా, ఇన్నేండ్లుగా కుంపటి ఊదుతా ఉండావు, బేరం మాత్రం నీకు అంటలేదు. 'కల్తీ చేసినావురా' అంటే ఎవుడన్నా అవునంటాడా? ఏడుకొండలవాడి మింద ప్రమాణం చేస్తాడు. 'కల్తీదే గావాలప్పా, దానికే గిరాకీ' అను. ఎంత కలిపినాడో, ఏ ఊళ్ళో కలిపినాడో, ఎవురు కలిపినారో వాడే పూసగుచ్చినట్ల చెప్తాడు."

"అవునన్నా, 'నాలుగో వంతు రాగే ఉండాది సామీ' అని నవ్వుతా చెప్పె!"

"ఆ నవ్వు నోట్లోంచి దిగినాక బేరం నాది. దొంగను పట్టేదానికి కట్టె గావాల్సిన పనిలేదప్పా, దొంగసొత్తుకు దండ వేస్తే సాలు. సరే, ఫ్లెక్సీ వచ్చిందా?"

"గోడకు ఆనించినా."

"సదువు. గట్టిగా, బజారుకు ఇనపడేటట్ల."

"'లేజరు కాంతితో యాంటీమ్యాటర్ పుట్టించే మహాయజ్ఞానికి బంగారం ఇచ్చిన ఏకైక దుకాణం. చెయ్యి సోకని బంగారం. ఆదికేశవులు జువెలర్స్.' అన్నా, యాంటీమ్యాటర్ అంటే ఏందన్నా?"

"నాకేం తెలుసు? తెలీనిదానికే గదా జనం ఎగబడేది. అక్షయ తదియకు ఇది గానీ పైకెక్కిందా, ఎదురు దుకాణమోడు షట్టరు దించుకొని పళ్ళబండి పెట్టుకోవాల్సిందే."

"మామా! ఆ షట్టరు కొంచెం ఎత్తు. వంగి దూరలేకుండా ఉండా."

"ఎవురదీ? భవితా! రా పాపా, రా. మురుగేషా, ఎత్తు ఎత్తు. మా అక్క కూతురు, ఆ చంద్రగిరి దావన లేజరు ల్యాబులో రీసెర్చి చేస్తాదే, ఈ పాపే. మనం చేసిన బంగారు బిళ్ళలు పోయింది ఈ పాప చేతికే. టీ చెప్పు."

"టీ వద్దు మామా. నిన్ను ఒక మాట అడగాల."

"ఇంగో పెట్టె బిళ్ళలు గావాలనా? అడుగు, దాంట్లో మొగమాటమెందుకు?"

"బిళ్ళ మీద మరక ఎట్ల వచ్చింది?"

"ఏం మరక?"

"నువ్వు పంపిన పెట్టెలో మొదటి బిళ్ళ. గోరంత బిళ్ళ, దాని నడిమధ్యలో మరక."

"మురుగేషా, మరకంట. మన దుకాణంలో మరక అనే మాట ఎప్పుడన్నా ఇన్నావా?"

"ఇన్లేదన్నా."

"ఇన్నావా పాపా? ఇన్లేదంట."

"ఎగతాళి వద్దు మామా. బిళ్ళను మిషన్‌లో బిగించే ముందు దానికి ఫోటో తీస్తాం. అప్పుడు కంటికి ఆనలేదు గానీ, లేజరు కొట్టినాక ఆ ఫోటోను పెద్దది చేసి చూస్తే మరక కనపడింది. నూనె మాదిరి, పొడి మాదిరి, పచ్చగా."

"బంగారం పచ్చగా గాక నీలంగా ఉంటుందా?"

"బంగారం వేరే పచ్చ, ఇది వేరే పచ్చ. మామా, విను. మా సారు దేవనాథన్ గారు నేనే ముట్టుకున్నానంటా ఉండాడు. పొద్దున పులిహోర తిని చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా బిళ్ళ పట్టుకొన్నానంట."

"తిన్నావా?"

"తింటే తిన్నా! చేతికి గ్లౌజు లేకుండా నేను పెట్టె మూత గూడా తియ్యను. ఈ పొద్దు సాయంత్రం లోపల ఆ మరక యాడిదో తేలకపోతే నన్ను ల్యాబులోంచి పంపించేస్తారు. రెండేండ్ల పని. అంతా పోతుంది."

"మీ సారు పెద్దమనిషి. ఊరికే అంటాడా?"

"మామా!"

"నేననడం లేదు పాపా, లోకం అంటాది. పులిహోర తిన్నోళ్ళను వదిలేసి పులిహోర వండనోళ్ళ దగ్గరికి వచ్చి అడగడం ఏం న్యాయం? అది ఉండనీ. అసలు నా బంగారాన్ని మీరు ఏం చేస్తా ఉండారో ముందు అది చెప్పు. ఎన్నిసార్లు అడిగినా నవ్వేస్తావు."

"మాట మార్చద్దు."

"మార్చడం గాదు. అమ్మినోడికి సరుకు యాడికి పోతుందో తెలియొద్దా? చెప్పు, మురుగేష్ గూడా ఇంటాడు."

"సరే విను. మా దగ్గర లేజరు ఉండాది. శానా బలమైంది. రెప్పపాటును కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత సేపే వెలుగుతుంది. ఆ కొంచెం సేపట్లో దాని బలమంతా సూదిమొనంత చోట కుమ్మరిస్తుంది. ఆ వెలుగు నీ బంగారు బిళ్ళకు తగలంగానే, బిళ్ళలోని ఎలక్ట్రాన్లు పిచ్చి పట్టినట్ల పరిగెత్తుతాయి."

"అక్షయ తదియ నాటి జనం మాదిరి."

"అట్లే అనుకో. బంగారం పరమాణువు గుండె బరువైంది. దాని పక్కగా పరిగెత్తే ఎలక్ట్రాను మలుపు తిరగలేక వేగం తగ్గుతుంది. తగ్గిన వేగం గామా కిరణమై బయటకొస్తుంది. ఆ కిరణం ఇంకో పరమాణువు గుండె దగ్గరికి పోయినప్పుడు అది మాయమై, దాని చోట రెండు పుడతాయి. ఒకటి ఎలక్ట్రాను, ఇంకోటి పాజిట్రాను. ఆ పాజిట్రానే యాంటీమ్యాటర్. ఎలక్ట్రాన్‌కు అన్నిట్లో సరిజోడు, విద్యుదావేశంలో మాత్రం ఎదురు."

"కవలలా?"

"కవలలే. కానీ ఎదురుపడితే రెండూ ఉండవు. తగులుకొని మాయమైపోతాయి. మళ్ళీ వెలుగే మిగుల్తుంది."

"ఆగు పాపా, ఆగు. నన్ను లెక్క వేసుకోనీ. మీరు ముందు ఏం పెట్టినారు? వెలుగు."

"అవును."

"నా బంగారం పాడు చేసినారు."

"ఒక చిన్న బొక్క పడుతుంది, అంతే."

"పాడు చేసినారు. చివరికి చేతికి ఏం వచ్చింది? మళ్ళీ వెలుగు! మురుగేషా, ఇన్నావా? మంచి పప్పు పెట్టి, పొయ్యి వెలిగించి, గిన్నె మాడబెట్టి, మళ్ళీ పచ్చిపప్పే దించుకొన్నట్ల! దీనికి ఢిల్లీవాళ్ళు నిధులు ఇచ్చినారంట!"

"మధ్యలో పాజిట్రాన్ వచ్చింది గదా మామా."

"వచ్చి యాడుండాది? సూపించు. తూకం వేద్దాం, తక్కెడ తెస్తా. సరుకు పుట్టిన జాగాలోనే దాయాది తగిలి రెండూ పాయె. నిలవ ఉండదు, మూట కట్టేదానికి లేదు, సంతకు పోదు. దీనికంటే టమోటా మేలు పాపా, కుళ్ళినాకయినా ఆవులు తింటాయి. మా నాయన, మా చిన్నాయన ఇట్లే వ్యాపారం చేసినారు, ఒకరికొకరు ఎదురుపడి ఇద్దరూ మాయం."

"నీకు వెటకారం. పోయినేడు అత్తకు వేలూర్లో స్కాన్ తీసినప్పుడు, గడ్డ యాడుండాదో చూపించింది పాజిట్రాన్లే. అక్కడ మందులోంచి వస్తాయి, ఇక్కడ మేం లేజరుతో పుట్టిస్తా ఉండాం. మాయమయ్యేటప్పుడు వచ్చే ఆ వెలుగును చూసే డాక్టరు గడ్డ జాగా కనుక్కొన్నాడు."

"అట్లనా? నిజమేనా?"

"నిజమే."

"అయితే ఆస్పత్రులవాళ్ళు కొంటారన్నమాట. అది ముందు చెప్పొద్దా పాపా? మురుగేషా, ఫ్లెక్సీలో ఆస్పత్రి మాట గూడా ఎక్కియ్యాల."

"మామా, నా మాటకు రా. మరక."

"మళ్ళీ మరక! నువ్వు చెప్పినట్లే చేసినాం గదమ్మా. నువ్విచ్చిన మందుతో కడిగినాం, నువ్విచ్చిన గుడ్డతో తుడిచినాం, నువ్విచ్చిన పట్టకారుతో పెట్టెలో పెట్టినాం. ఏమప్పా మురుగేషా?"

"అవునన్నా. చెయ్యి సోకనీలేదు. గుండ్రంగా, గోరంత, పచ్చగా ఉంటే నా చెయ్యి దానికి కొక్కెం పెట్టేదానికే పోతా ఉండె పాపా. కొక్కెం లేని తాళిబొట్టు మాదిరి ఉండె. అయినా ఆపుకొన్నా."

"తాళిబొట్టు మాదిరి ఉండెనా?"

"మాదిరే పాపా. మాదిరే అంటా ఉండా, గాదు గదా."

"ఆచారన్నా, మీ దుకాణంలో తాళిబొట్టు గడప దాటేటప్పుడు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, పసుపు..."

"మురుగేషా! ఆ కుంపట్లో నిప్పు ఆరిపోతాంది, సూసుకో!"

"ఆరలేదన్నా."

"ఆరతాది! ఊదు!"

"మామా, తాళిబొట్టుకు పసుపు పెట్టి పంపిస్తారు. నాకు తెలీదా? చిన్నప్పుడు ఈ గల్లాపెట్టె పక్కనే కూర్చొని చూసినా. బోసి బంగారం గడప దాటితే కీడు అంటావు నువ్వు."

"తాళిబొట్టుకు! ఇది తాళిబొట్టా? మీ లేజరు మెడలో ఎవురు కడతారు?"

"అలవాటుగా చెయ్యి పోయిందేమో."

"పోలేదు. అయినా ఏం తప్పు? మీ సారు ఆయుధపూజ నాడు ఆ మిషనుకు బొట్టు పెట్టలేదా? గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు కట్టి, ఫోటో నువ్వే పంపిస్తివి గదా. మిషనుకు బొట్టు పెడితే భక్తి, బిళ్ళకు పెడితే మరకనా?"

"అంటే పెట్టినావా?"

"పెట్టలేదు అంటా ఉండా గదా!"

"మిషన్‌కు బొట్టు బయట రేకు మీద పెట్టినాడు మామా. లేజరు తగిలే చోట వెంట్రుక వాసి దుమ్ముండినా మొత్తం చెడిపోతుంది."

"అందుకే మేం పెట్టలేదు."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"ఏందమ్మా కోర్టులో మాదిరి? పెట్టలేదు. గోవిందుడి సాక్షిగా పెట్టలేదు."

"గోవిందుణ్ణి ఎందుకు లాగుతావు? ఆయన్ని మీ దుకాణంలో రోజుకు ఎన్నిసార్లు సాక్షికి పిలుస్తారో లెక్కే లేదు. మామా, నేను నిన్ను తిట్టేదానికి రాలేదు. పెట్టినానని సారుకు ఒక్క మాట చెప్పు, సాలు. అలవాటులో జరిగిపోయింది అంటే ఆయన అర్థం చేసుకొంటాడు. నా చోటు నాకు నిలబడుతుంది."

"నా చోటు?"

"నీ చోటుకేమైంది?"

"సూడు ఆ ఫ్లెక్సీ. ఏమని రాసిండాది? చెయ్యి సోకని బంగారం. రేపు మీ సారు 'చెయ్యి సోకింది, మరక పడింది' అని నలుగురికీ చెప్తే? ఎదురు దుకాణమోడు దాన్ని మైకులో చెప్పిస్తాడు. యాపారంలో పేరు అద్దంలాంటిది పాపా, పగిలితే అతకదు."

"మరి నా పేరు?"

"నీకు చిన్న వయసు. పేరు మళ్ళీ వస్తాది. పోతే పోనీలేమ్మా ఆ ల్యాబు. ఈడ కూర్చో. కొన్నోళ్ళకు బిల్లు రాద్దువు గానీ. ఏసీ ఉండాది, పొద్దున ఇడ్లీ మనదే."

"నీ అక్క కూతుర్ని వాళ్ళు దొంగను తోలినట్ల తోలేస్తే నీకేం అనిపించదా?"

"అనిపిస్తాది. బాధగానే ఉంటాది. కానీ నిజం చెప్తే ఇద్దరికీ నష్టం, చెప్పకపోతే ఒకరికే. లెక్క నువ్వే వెయ్యి."

"ఆ ఒకరు నేనా?"

"నేనైతే గాదు గదా."

"ఇదే నీ చివరి మాటనా మామా?"

"బేరంలో చివరి మాటంటూ ఉండదు గానీ, ఇది బేరం గాదు గాబట్టి, అవును."

"సరే. ఉండు, ఒక ఫోన్ చేసుకొని వస్తా. మెట్ల మీద నిలబడి మాట్లాడతా."

"చేసుకో, చేసుకో... మురుగేషా, పోయిందా?"

"మెట్ల మింద నిలబడి ఫోన్లో మాట్లాడతాంది. అన్నా, పాపం ఆ పిల్ల..."

"మెల్లగా!"

"పాపం ఆ పిల్ల ఏడుపు మొగం పెట్టె. మొదటి బిళ్ళకు మీరు పసుపు పెట్టలేదా? నేను వద్దన్నా గదన్నా, కడిగినాక ఏం ముట్టకూడదన్నారని. 'మొదటి సరుకు బోసిగా పంపిస్తే నా దుకాణం బోసి అయితాది' అంటిరి."

"నోరు ముయ్యప్పా. పెడితిని, పెట్టి తుడిచితిని గదా, పంచె కొసతో."

"పసుపు పంచె కొసకు పోతాదా అన్నా? పంచెకు అంటుకొంటే పంచే పోదు."

"నువ్వు సూసినావని ఎవురికన్నా చెప్పినావో, రేపట్నుంచి తిరుత్తణిలో కుంపటి పెట్టుకోవాల. తెలిసిందా?"

"నేనేం సూసినా? నేను నిప్పు సూస్తా ఉండా."

"అట్ల ఉండు. వచ్చె, వచ్చె. ఏం పాపా, మొగం వెలిగిపోతా ఉండాది?"

"మామా, మునిగిపోయినాననుకొన్నా. తేలినా!"

"ఏమాయె?"

"సారుతో మాట్లాడినా. ఆ బిళ్ళ లెక్కలు ఇప్పుడే తేలినాయి. మరక పడిన బిళ్ళ ఉండాదే, దాంట్లోంచి ఎన్నడూ లేనన్ని పాజిట్రాన్లు పుట్టినాయంట! మిగతా బిళ్ళలు దాని కాలిగోటికి సరిపోవు."

"మరక పడినదానికా?"

"మరక పడినందుకే! లేజరు తగలంగానే ఆ మరక ముందుగా ఆవిరై బంగారం ఎదురుగా మబ్బు మాదిరి నిలిచిందంట. ఆ మబ్బులో ఎలక్ట్రాన్లు ఇంకా వేగం పట్టినాయంట. సారు కుర్చీలో కూర్చోలేకుండా ఉండాడు."

"ఆగు. అంత లాభం వస్తే నిన్నెందుకు తోలేస్తారు?"

"ఎట్ల వచ్చిందో చెప్పలేకపోతే తోలేస్తారు. యాడినుంచి వచ్చిందో తెలీని లాభం దొంగసొమ్ముతో సమానం అని నువ్వే అంటావు గదా. మళ్ళీ అట్లాంటి మరకే పెట్టి, మళ్ళీ అంతే పుట్టించి చూపించాల. అప్పుడే లోకం నమ్ముతుంది. అందుకే మరక యాడిదో తెలియాల."

"అదీ నిజమే."

"తెలిస్తే మరక పెట్టినవాళ్ళ పేరు గూడా సారు రాసే వ్యాసంలో ఎక్కుతుంది. జర్మనీలో, జపాన్‌లో చదువుతారు. ఏం చేస్తాం, నువ్వు పెట్టలేదంటివి, గోవిందుడి సాక్షి గూడా అయిపోయె. నేనే పులిహోర చేత్తో పట్టుకొన్నానని ఒప్పేసుకొంటా. పేరు నాదే ఎక్కనీ. వస్తా మామా."

"నిలబడు!"

"ఏమి?"

"కూర్చో పాపా. మురుగేషా, టీ చెప్పలేదా ఇంకా? ఏం మనిషివప్పా! ఆడపిల్ల ఎండలో వస్తే మంచినీళ్ళన్నా ఇయ్యవా?"

"వద్దన్నాది గదన్నా."

"వద్దంటే ఇవ్వకూడదా? పాపా, నువ్వు అబద్ధం చెప్పకూడదు. మన ఇంటా వంటా లేదు. పులిహోర అని నువ్వు చెప్తే రేపు వాళ్ళు పులిహోర పూసి సూస్తారు, ఏం పుట్టదు. నీ పరువు పోతాది. నీ పరువు పోతే నా పరువు పోయినట్ల గాదా?"

"అయితే ఏం చెయ్యమంటావు?"

"పసుపమ్మా."

"ఏం పసుపు?"

"నేను పెట్టిన పసుపు."

"ఇందాక పెట్టలేదంటివే?"

"ఇందాక నువ్వు అడిగిన తీరు వేరే. మరక మరక అంటివి. నేను పెట్టింది మరకనా? మంగళం! మొదటి సరుకు గడప దాటేటప్పుడు బోసిగా పోకూడదని, తిరుచానూరు అమ్మవారి గుడి పసుపు..."

"అన్నా, ఆ పసుపు మా ఆడమనిషి దంచిచ్చింది. తిరుత్తణి కొమ్ములు."

"నువ్వుండప్పా!"

"అట్ల కాదన్నా, పేరు జర్మనీకి పోతాదంట గదా. పసుపు మాది. పాపా, నీళ్ళు కలిపి ముద్ద చేసింది గూడా నేనే."

"ముద్ద ఎవురైనా చేస్తారు. పెట్టింది ఎవురు? వేలు ఎవురిది?"

"నువ్వు నిప్పు చూస్తా ఉంటివి గదా ఆచారన్నా? ఏం చూడలేదు అనుకొన్నా."

"ఒక కన్ను నిప్పు మింద, ఒక కన్ను అన్న మింద పాపా. బాగా సూసినా."

"మామా, నాకు సరిగ్గా చెప్పు. సారుకు అచ్చు అట్లే కావాలంట. ఏ వేలు?"

"ఉంగరం వేలు."

"కడగక ముందా, కడిగినాకనా?"

"కడిగి, తుడిచి, అంతా అయినాక. పెట్టె మూసే ముందు."

"గ్లౌజు వేసుకొన్నావా?"

"గ్లౌజుతో పసుపు పెడతారా ఎవురన్నా? వట్టి చెయ్యే. ఒక్క బొట్టు, నట్టనడుమ. ఇంత గుండ్రంగా!"

"మొదటి బిళ్ళకే?"

"మొదటిదానికే. తరవాత పంచె కొసతో పైపైన ఒకసారి తుడిచినా. అది గూడా రాసుకో, పంచె కొస. దాంట్లో ఏం మహిమ ఉండాదో ఎవురికి తెలుసు."

"తెలిసే పెట్టినావా మామా, అలవాటులో పెట్టినావా?"

"తెలిసే! తెలీకుండా పెడతానా? బంగారానికీ పసుపుకూ ఉండే సంబంధం మీకు ఇప్పుడు తెలిసింది, మాకు తాతల కాలం నుంచి తెలుసు. నువ్వు ఏం ముట్టకూడదని పంపిస్తివే, ఆ చీటీ చదివినా. చదివీ పెట్టినా. ఎందుకు? లోపల ఏదో చెప్పింది. 'ఆదికేశవులూ, పెట్టు' అని."

"చీటీ చదివీ పెట్టినావు."

"చదివీ పెట్టినా! అదీ ధైర్యం! మురుగేషా, ఆ ఫ్లెక్సీ దించు. రంగుడబ్బా తీసుకో. 'చెయ్యి సోకని బంగారం' అనే మాట కొట్టేయ్. 'ఆదికేశవులు స్వహస్తాలతో పసుపు పెట్టిన బంగారం' అని రాయి."

"కొట్టేస్తా ఉండా అన్నా. కింద చిన్నగా 'పసుపు: మురుగేష్ ఆచారి' అని రాసేదా?"

"జాగా మిగిలితే సూద్దాం. పాపా, రేపట్నుంచి ప్రతి బిళ్ళకూ పసుపే. పసుపు బిళ్ళ రేటు వేరే ఉంటుందని మీ సారుకు చెప్పు. నువ్వెందుకు, నేనే చెప్తా. ఫోన్ కలుపు. ఆదికేశవులు తన నోటితో, తన చేత్తో పెట్టినానని చెప్తాడు."

"కలపాల్సిన పనిలేదు మామా. ఇందాక మెట్ల మీద కలిపిందే, ఇంకా పెట్టేయలేదు. సార్, విన్నారు గదా?"

"విన్నానమ్మా భవితా. ఉంగరం వేలు, వట్టి చెయ్యి, చీటీ చదివి మరీ. నిన్ను అనవసరంగా అన్నాను, మనసులో పెట్టుకోవద్దు. ఆ పెట్టెలో మిగిలిన బిళ్ళలన్నీ వెనక్కి పంపించేద్దాం. నువ్వు మధ్యాహ్నం ల్యాబుకు వచ్చెయ్యి."

"వస్తా సార్. పెట్టేస్తా ఉండా."

"పాపా... వెనక్కి పంపించేది ఏంది? ఎన్నడూ లేనన్ని పుట్టినాయంటివే?"

"ఒక్కటి గూడా పుట్టలేదు మామా. నీ పసుపు మాడి, ఎదురుగా ఉండే లేజరు అద్దమంతా నల్లబడింది."

"అన్నా, 'చెయ్యి సోకని' అనే మాట కొట్టేసినా. మళ్ళీ రాసేదా?"

"నువ్వు నోరు ముయ్యప్పా! పాపా, కడుపులో ఇంత పెట్టుకొని నవ్వుతా మాట్లాడతావా? నేను పుట్టినప్పట్నుంచి బేరంలో ఉండా, నన్ను కూర్చోబెట్టి ఒప్పిస్తివే! ఈ ఎత్తు నీకు ఎవురు నేర్పించినారు?"

"షట్టరు సగమే లేపి నువ్వు ఆచారన్నకు రాగి బేరం చెప్తా ఉంటివే, అప్పుడు నేను మెట్ల మీదనే ఉండా మామా."